మీ అతిథి వచ్చారు, అనుమతిస్తారా?

ఉమాపతిలో లోపాలు లేవని ఎవరూ అనరు. ఉన్నవాటితో ఆయనకు పరిచయం లేదు, అంతే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో హైమావతి భర్త నోట చాలా మాటలు విన్నది గానీ "పొరపాటు నాదే" అన్న మాట మాత్రం వినలేదు. రైలు తప్పిపోతే రైలే తొందరపడింది. పులుసులో తనే రెండోసారి ఉప్పు వేస్తే, ఈ మధ్య ఉప్పులో ఉప్పదనం ఎక్కువైంది. ఒకసారి రాజమండ్రిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, చదివింపులు చదివించి, మిఠాయితో సహా భోంచేసి వచ్చాక, తాము వెళ్ళాల్సిన పెళ్ళి పక్క హాల్లో జరిగిందని తెలిసింది. "పక్కపక్కన రెండు హాళ్ళు కట్టినవాణ్ణి అనాలి," అన్నాడు ఉమాపతి.

అలాంటి మనిషికి హైదరాబాదులో ఆరు నెలల డిప్యుటేషన్ పడింది. ఇన్సూరెన్స్ ఆఫీసు వాళ్ళు మండపేట నుంచి మనిషిని పిలిపించుకుని మరీ చేయించుకునే పనేమిటో హైమావతికి తెలియదు. అడిగితే ఆయన చెప్పాడు గానీ, చెప్పాక కూడా తెలియలేదు. "ఇల్లు చూసేటప్పుడు నన్నూ తీసుకెళ్ళండి," అన్నదామె. ఆయన ఒక్కడే వెళ్ళి, ఒక్క పూటలో ఫ్లాటు చూసి, కాగితాల మీద సంతకాలు పెట్టి వచ్చాడు.

"చదివారా?"

"పెద్దమనుషుల మధ్య చదవడాలేమిటి? అనుమానించినట్టుంటుంది."

అయినా హైమావతి సామాన్లు సర్దింది. ఊరు మారడంలో ఆమె స్వార్థం ఆమెకుంది. ఆమె తల్లి సుభద్రమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. అష్టాచెమ్మాలో ఆ వీధి మొత్తాన్నీ హడలగొట్టిన మనిషికి ఇప్పుడు గవ్వ బోర్లా పడిందో వెల్లకిలా పడిందో కనిపించడం లేదు. అది చూసుకుని అందరూ ఆమెను మోసం చేస్తున్నారు. అందరిలోకీ ముందు సొంత చెల్లెలు. హైదరాబాదులో ఆపరేషన్ చేయించి, ఈ ఆరు నెలల్లో ఒక కన్నయినా బాగుచేసి పంపాలని హైమావతి ఆలోచన.

మియాపూర్ అవతల 'శిఖర హైట్స్' గేటు ముందు సామాన్ల లారీ ఆగింది. వాచ్‌మన్ ఐలయ్య టాబ్లెట్ పట్టుకుని వచ్చాడు.

"ఎవలింటికొచ్చిండ్రు మేడమ్?"

"మా ఇంటికేనయ్యా."

"మీ ఇంటికి మీరొచ్చుడేంది మేడమ్? ఎన్ని దినాలుంటరు?"

"ఆరు నెలలు."

"అయితే మీరు విజిటర్లు." ఐలయ్య రెండు పసుపుపచ్చ పట్టీలు తీసి ఇచ్చాడు. వాటి మీద 'సందర్శకులు' అని అచ్చేసి ఉంది. "మెడల ఏస్కోవాలె. పదకొండు నెలలకు తక్కువుంటే గంతే. నాకేమెరుక, పైనోళ్ళు జెప్పిండ్రు."

హైమావతి మెడలో పట్టీ వేసుకుని, తన బీరువా వెనకాలే, అతిథిలా లోపలికి నడిచింది.

ఆ పైనోళ్ళు ఐదో అంతస్తులో ఉంటారు. అసోసియేషన్ అధ్యక్షులు కోదండపాణి గారు సహకార శాఖలో ఉన్నతోద్యోగం చేసి పదవీ విరమణ చేశారు. శాఖ ఆయన్ని వదిలింది గానీ ఆయన శాఖ భాషను వదల్లేదు. కొత్తగా వచ్చిన భార్యాభర్తలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక పుస్తకం తెరిచారు.

"చూడమ్మా, ఇది ఆషామాషీగా తీసుకున్న నిర్ణయం కాదు. సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించబడినది. నివాసి అనగా నివసించేవాడు అని సామాన్యులు పొరబడుతూ ఉంటారు. స్థిరత్వం ఉన్నవాడే నివాసి. తమరు తాత్కాలికులు. కావున తమరు అతిథులు. అతిథి అంటే మాకు ఎనలేని గౌరవం."

"సంతోషమండీ," అన్నది హైమావతి.

"ఆ గౌరవం దృష్ట్యా కొన్ని మినహాయింపులు. అతిథి బాల్కనీలో బట్టలు ఆరవేయరాదు. అతిథి పనిమనిషిని నియమించుకోరాదు. అతిథి వాహనం గేటు బయట ఉండవలెను. అతిథి నివాసుల లిఫ్టు వాడరాదు."

"చెత్త ఎక్కడ వేయాలండీ?"

కోదండపాణి గారు చిన్నపిల్లను చూసినట్టు చూశారు. "అతిథికి చెత్త ఉండదు."

"వంకాయ తొడిమలూ అవీ ఉంటాయి కదండీ."

"అవి సాంకేతికంగా ఆతిథేయి చెత్త. మీ ఫ్లాటు యజమాని బహ్రెయిన్‌లో ఉన్నందున, యజమాని స్థానికంగా లేనిచో, అధ్యక్షుడే పదవి రీత్యా ఆతిథేయి. అంటే నేను." ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన ముఖం వెలిగింది. "మీరు ఎప్పుడు లోపలికి వచ్చినా 'గుమ్మం' యాప్ నన్ను అడుగుతుంది. నేను అనుమతిస్తాను. మెడలో పట్టీ ఏ గడప దాటినా యాప్‌కు తెలుస్తుంది. గతంలో ఒకరు ఫ్లాటులో హాస్టల్ నడిపారు. అందుకు ముప్పై ఒకటో నిబంధన నేనే స్వయంగా రచించాను. ఏ ఫ్లాటులోనైనా నివాసుల కన్నా బస చేసిన అతిథులు ఎక్కువైతే అది వసతి గృహం. దాని యజమాని నివాసి హోదా తక్షణం రద్దు. మనిషి ప్రమేయమే లేదు, యాప్ చూసుకుంటుంది."

"ఎంత క్రమశిక్షణో చూశావా!" అన్నాడు ఉమాపతి లిఫ్టులో. అది సామాన్ల లిఫ్టు. పక్కన ఎవరిదో ఫ్రిజ్ ఉంది.

మర్నాడు హైమావతి కరివేపాకు కోసం వీధిలోకి వెళ్ళి వచ్చింది. ఐదో అంతస్తులో ఫోను మోగింది. 'మీ అతిథి హైమావతి గారు కరివేపాకుతో వచ్చారు. అనుమతిస్తారా?' అనుమతించారు. కాసేపటికి పెరుగుతో వచ్చింది. అనుమతించారు. ఉల్లిపాయలు మరిచిపోయానని మళ్ళీ వెళ్ళి వచ్చింది. మరిచిపోవడం ఆమె స్వభావం కాదు. అయినా ఆ వారం చాలా మరిచిపోయింది. కోదండపాణి గారు పూజలో ఉన్నా, స్నానంలో ఉన్నా, ఆకుపచ్చ బొత్తాం నొక్కుతూనే ఉన్నారు. మొదట చదివి నొక్కేవారు. తర్వాత చదవడం మానేశారు. బొటనవేలు దానంతటదే వెళ్ళేది.

చెత్త విషయంలోనూ హైమావతి నిబంధనను జవదాటలేదు. రోజూ పొద్దున్నే నీలం బకెట్టు పట్టుకుని ఐదో అంతస్తు గంట నొక్కేది.

"మీ చెత్త తెచ్చానండీ."

తలుపు తీసేది కోదండపాణి గారి భార్య ఇందుమతి గారు. మొదటిరోజు ఆవిడకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది. "రండి రండి, కాఫీ తాగి వెళ్ళండి. నాతో మాట్లాడే మనిషే లేదనుకోండి ఈ కొంపలో. మావారు నాతో కూడా సర్క్యులర్‌లాగే మాట్లాడతారు. చారులో ఉప్పు తగ్గిందనరు. 'ఉప్పు విషయమై పునఃపరిశీలన అవసరం' అంటారు."

"మావారైతే పునఃపరిశీలన కూడా ఉప్పునే చేసుకోమంటారండీ," అన్నది హైమావతి.

ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఇంతలో కంటి ఆసుపత్రి వాళ్ళు సుభద్రమ్మకు తేదీ ఇచ్చారు. వచ్చే గురువారం. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు దుమ్ము తగలకుండా ఇంటిపట్టున ఉండాలి, వేళకు చుక్కలు వేయాలి. హైమావతి అధ్యక్షుల దగ్గరకు వెళ్ళింది.

"మా అమ్మ వస్తోందండీ."

కోదండపాణి గారు పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పారు. "అతిథికి అతిథి అనే వర్గం మన నిబంధనావళిలో లేదమ్మా."

"కంటి ఆపరేషనండీ. ముసలావిడ."

"సానుభూతితో పరిశీలించదగిన విషయమే. సవరణ ప్రతిపాదన రాసివ్వండి. ఉగాది తర్వాత సర్వసభ్య సమావేశంలో చర్చకు పెడతాం."

ఉగాదికి ఇంకా నాలుగు నెలలుంది. అప్పటికి డిప్యుటేషన్ అయిపోతుందో, ఉంటుందో, ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ తేదీ ఎప్పుడిస్తారో. ఆ సాయంత్రం హైమావతి భర్తకు ఇదంతా చెప్పింది. ఉమాపతి పేపరు మడవకుండానే విన్నాడు.

"రూలంటే రూలు కదా. వాయిదా వేద్దాం. కన్ను ఎక్కడికి పోతుంది?"

హైమావతి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. కాలేజీలో ఆమె చదివింది రాజనీతిశాస్త్రం. అది కాపురంలో ఎప్పుడు పనికొస్తుందా అని ఇన్నేళ్ళూ చూసింది. చేతులు తుడుచుకుని, అధ్యక్షులు మొదటిరోజు ఇచ్చిన నిబంధనావళి ప్రతి తెరిచి, పప్పులో రాళ్ళు ఏరినట్టు మొదటి నుంచి చదివింది.

స్థిర నివాసి ఇంటికి అతిథులు రావచ్చు. ఉండవచ్చు. ఏ అభ్యంతరమూ లేదు.

బుధవారం పొద్దున్న స్టేషన్ నుంచి ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. కూతురి చెయ్యి పట్టుకుని సుభద్రమ్మ దిగింది. స్తంభానికి నమస్కారం పెట్టి, "బాగున్నారా బాబూ," అన్నది. పక్కనున్న ఐలయ్య ఆ నమస్కారం అందుకున్నాడు.

"ఎవలింటికి అమ్మా?"

"కోదండపాణి గారింటికి నాయనా," అన్నది సుభద్రమ్మ. కూతురు ఆటోలో నేర్పినట్టే.

ఐదో అంతస్తులో ఫోను మోగింది. బొటనవేలు వెళ్ళింది.

పది నిమిషాల తర్వాత కోదండపాణి గారు హాల్లోకి వచ్చేసరికి దివాను మీద ఒక పెద్దావిడ కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. పక్కన రేకు పెట్టె, కొబ్బరికాయల సంచీ.

"ఎవరండీ మీరు?"

"మీ అతిథిని బాబూ."

"మా అమ్మండీ," అన్నది హైమావతి. "మీరే అనుమతించారు. యాప్‌లో ఉంది."

"అలా అయితే మీ ఫ్లాటుకు తీసుకువెళ్ళండి!"

"ఎలాగండీ? నేను అతిథిని. అతిథికి అతిథి ఉండకూడదు. మీ అతిథిని నాకు బదిలీ చేయవచ్చేమో చూశాను. అలాంటి నిబంధన కనబడలేదు."

కోదండపాణి గారు పుస్తకం తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళారు. చాలాసేపు వెతికి బయటికి వచ్చారు. లేదు. రాసింది ఆయనే, గట్టిగా రాశారు. ఈలోగా ఇందుమతి గారు కొబ్బరికాయ కొట్టి పచ్చడి మొదలుపెట్టింది.

గురువారం ఆపరేషన్ అయింది. ఒక కంటికి ప్లాస్టిక్ కప్పు పెట్టుకుని, నల్లకళ్ళద్దాలతో సుభద్రమ్మ ఐదో అంతస్తుకే తిరిగి వచ్చింది. చుక్కలు వేయడానికి హైమావతి కూడా అక్కడే పడుకుంది. ఆ ఇంట్లో లోటేమీ లేదు, ఒక్కటి తప్ప. అది సుభద్రమ్మ కూతురి చెవిలో చెప్పింది.

"గారె వేయనా అన్నాడే ఆయన. మర్యాదకు వద్దు బాబూ అన్నాను. సరే అని పళ్ళెం తీసుకుపోయాడే! రెండోసారి అడిగితే ఆలోచిద్దాం, మూడోసారికి తిందాం అనుకున్నాను. ఏం ఊరే ఇది?"

ఇది ఇందుమతి గారికి చేరింది. అక్కడి నుంచి కోదండపాణి గారికి చేరింది. ఆ రాత్రి ఆయన పళ్ళెం పట్టుకుని దివాను ముందు నిలబడి, "గారె? గారె? గారె?" అని ఒకే గుక్కలో అడిగి నిబంధన పూర్తిచేశారు.

ఇక మిగిలింది ఉమాపతి. ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ఇల్లు చీకటి, పొయ్యి చల్లన. తాను మొదటిరోజే మెచ్చుకున్న నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని ఐదో అంతస్తుకు వచ్చాడు. ఇందుమతి గారు గుత్తివంకాయ వండింది. ఆయన కడుపునిండా తిని, టీవీలో వార్తలు వింటూ, సోఫాలో అలాగే నిద్రలోకి జారుకున్నాడు. మెడలో పసుపు పట్టీ గుండెల మీద ఎగిరెగిరి పడుతోంది. లేపుదామా అన్నట్టు చూసింది ఇందుమతి గారు. పడుకోనివ్వండి అన్నట్టు తల ఊపింది హైమావతి. ఆ తల ఊపడంలో రాజనీతిశాస్త్రం ఉన్నదో, జాలి ఉన్నదో చెప్పలేం.

తెల్లవారాక కోదండపాణి గారి ఫోను మోగింది. 'తమ ఫ్లాటులో నివాసులు ఇద్దరు, బస చేసిన అతిథులు ముగ్గురు. ముప్పై ఒకటో నిబంధన ప్రకారం ఇది వసతి గృహము. తమ నివాసి హోదా రద్దు చేయబడుచున్నది. సమ్మతమా?'

బొటనవేలు వెళ్ళింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వాళ్ళిచ్చిన చిన్న చుక్కల సీసా అయిపోయింది. "వీధి చివర మందుల షాపు దాకా వెళ్ళి రండి," అన్నది ఇందుమతి గారు. అనుమతులు ఇచ్చీ ఇచ్చీ ఫోను నీరసించి చార్జింగులో ఉంది. కోదండపాణి గారు అది లేకుండానే వెళ్ళి, చుక్కలు కొని, తిరిగి వచ్చారు. సన్నగా తుప్పర మొదలైంది.

ఐలయ్య టాబ్లెట్ చూశాడు. ఆయన్ను చూశాడు. మళ్ళీ టాబ్లెట్ చూశాడు.

"సార్, మీరు విజిటర్ అని వస్తున్నది."

"ఐలయ్యా! నేనెవరో తెలుసా నీకు?"

"నాకెరుకే సార్. దీనికే ఎరుకలేదు." ఐలయ్య పసుపు పట్టీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మీరిప్పుడు లోకల్ గాదంట. ఓనర్ లోకల్‌ల లేకుంటే ప్రెసిడెంట్ హోస్టంట. మిమ్ముల లోపలికి తోలాల్నంటే మీరే ఒప్పుకోవాలె. మీ ఫోనుకు పంపిన."

"నా ఫోను ఇంట్లో ఉన్నదయ్యా!"

"అయితే ఇంట్ల ఎవలన్నా నొక్కుతరు సార్. జర ఆగుండ్రి."

వాన పెద్దదైంది. అప్పుడే ఉమాపతి ఆఫీసు నుంచి వచ్చాడు. ఆయన పేరూ అదే ఫోనుకు వెళ్ళింది. ఇద్దరు పెద్దమనుషులు మెళ్ళో పసుపు పట్టీలతో, గేటు చూరు కింద, ఒకే కుర్చీని చూస్తూ నిలబడ్డారు. కుర్చీలో ఐలయ్య ఉన్నాడు.

పైన ఇందుమతి గారి చేతులకు పిండి. హైమావతి పెసరట్టు తిప్పుతోంది. ఫోను దివాను పక్కనే మోగింది. సుభద్రమ్మ చేత్తో తడిమి అందుకుంది. కోదండపాణి గారి ఫోనులో అక్షరాలు ఉసిరికాయలంత ఉంటాయి. కంటి మీది కప్పు ఆ పొద్దున్నే తీసేశారు. ఆమె నల్లకళ్ళద్దాలు పైకెత్తింది.

"మీ... అతిథి... కోదండపాణి గారు... వచ్చారు." ఆగింది. "అమ్మాయ్! నాకు అక్షరాలు కనబడుతున్నాయే! ఈ చివర వొంకర గీత కూడా కనబడుతోంది!"

హైమావతి అట్లకాడ పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఏడాదిన్నర తర్వాత తల్లి చదివిన మొదటి వాక్యం అది. పెనం మీద పెసరట్టు మాడిపోయింది. ఎవరూ దాని సంగతి పట్టించుకోలేదు.

"ఎవరే ఈయన?"

"ఈ ఇంటాయనేనమ్మా."

"ఈ ఇంటాయన ఈ ఇంటికి అతిథి ఎలా అవుతాడే?"

"నిబంధనమ్మా," అన్నది హైమావతి, మాట్లాడే బొత్తాం చూపిస్తూ.

"అమ్మా! సుభద్రమ్మ గారూ!" ఫోనులో వాన చప్పుడు, దాని వెనక అధ్యక్షులు. "ఆకుపచ్చ బొత్తాం నొక్కండమ్మా. చుక్కల వేళ దాటిపోతోంది."

"నొక్కడానికేం బాబూ. కానీ నేనూ అతిథినే కదా. అతిథికి అతిథి ఉండకూడదన్నారట మీరు?"

అధ్యక్షులు శాఖ భాష అందుకున్నారు.

"అది... సదరు నిబంధన రూపకల్పన సందర్భంలో కొన్ని అంశాలు దృష్టికి రాకపోవడం జరిగినది."

"దానంతటదే జరిగిందా బాబూ?"

"పరిస్థితుల ప్రభావం వలన... అన్వయంలో కొంత... లోపం చోటుచేసుకొన్నది."

గేటు చూరు కింద ఉమాపతి తల తిప్పి కోదండపాణి గారి ముఖంలోకి చూశాడు. ఆ వాక్యం ఆయనకు బాగా తెలిసినదే. రైలు తొందరపడినప్పుడు, పక్కపక్కన హాళ్ళు కట్టినప్పుడు తాను వాడినదే. ఇన్నేళ్ళూ లోపలి నుంచి విన్నాడు. బయట నిలబడి, జల్లుకు తడుస్తూ, చుక్కల సీసా పట్టుకున్న ఇంకో మనిషి నోట వినడం ఇదే మొదటిసారి. ఇంత చెత్తగా ఉంటుందని ఆయనకు తెలియదు.

"కొంచెం జరగండి సార్," అన్నాడు. టాబ్లెట్ దగ్గర నోరు పెట్టాడు. "అత్తయ్యగారూ, నేనండీ, ఉమాపతిని."

"చెప్పండి అల్లుడు గారూ."

"చదవకుండా సంతకం పెట్టింది నేనండీ. కన్ను ఎక్కడికి పోతుంది అన్నదీ నేనే." ఆయన టాబ్లెట్‌కు ఇంకా దగ్గరగా జరిగాడు. "తప్పు నాదేనండీ."

పైన హాల్లో ఇందుమతి గారి పిండిచేతులు గాలిలోనే ఆగిపోయాయి. హైమావతి తల్లి చేతిలోని ఫోను మీదకు వంగింది.

"ఏవండీ, వాన చప్పుడులో సరిగ్గా వినబడలేదు."

"తప్పు నాది!" అని ఉమాపతి ఎంత గట్టిగా అరిచాడంటే ఐలయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లిఫ్టు దగ్గరున్న వాళ్ళు తిరిగి చూశారు.

ఆ వెనకనుంచి, సన్నగా, కోదండపాణి గారి గొంతు వినిపించింది. "నాది కూడానమ్మా. ఏకగ్రీవంగా."

సుభద్రమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పైకెత్తి, ఎవరూ చూపించకుండానే, ఆకుపచ్చ బొత్తాం నొక్కింది.